కూలికి నేసిన ప్రసంగం

జగిత్యాల టవర్ సర్కిల్ దాటి నాలుగడుగులు వేస్తే ఒక సెల్‌ఫోన్ దుకాణం వస్తుంది. దాని పక్క మెట్లెక్కి ఎడమవైపు తిరిగితే నాలుగు స్వతంత్ర దేశాలు కనిపిస్తాయి. కనిపిస్తాయంటే జెండాలూ సైన్యాలూ ఏమీ ఉండవు. మూడు కంప్యూటర్లు, దగ్గుతూ నడిచే ఒక ప్రింటరు, మంచినీళ్ల క్యాను, ‘వాగ్దేవి డాక్యుమెంట్ వర్క్స్’ అని ఒక బోర్డు. కానీ ఆ నాలుగు దేశాలు ప్రపంచం ముందు నోరు తెరిచి ఏదైనా అన్నాయంటే, ఆ మాట ఈ గదిలోంచి పోయిందే. ఒకప్పుడు ఆ దేశాలు ఏం మాట్లాడాలో దొరలు నిర్ణయించేవారు. ఇప్పుడు స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి జగిత్యాలలో రాస్తున్నారు. అభివృద్ధి అంటే అదే మరి.

రాసేది వందన. సిరిసిల్ల పిల్ల. కరీంనగర్‌లో పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చేసింది. లెక్చరర్ నోటిఫికేషన్ కోసం మూడేళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురు చూసింది. నోటిఫికేషన్ రాలేదు గానీ కోరుట్ల శేఖర్ వచ్చాడు. దుబాయిలో టైపింగ్ సెంటర్లో పదేళ్లు పనిచేసి వచ్చినవాడు శేఖర్. మొదట గల్ఫ్ పోయేవాళ్లకు అర్జీలు రాసిచ్చే దుకాణంగానే పెట్టాడు. ఆ తర్వాత హైదరాబాద్ కంపెనీ ఒకటి తగిలింది. ఐరోపాలో ఒక కన్సల్టెన్సీ ఉందట, చిన్న చిన్న దేశాలకు ప్రసంగాలు రాసిపెడుతుందట. ఆ పనిని అది హైదరాబాద్ వాళ్లకిస్తుంది. హైదరాబాద్ వాళ్లు శేఖర్‌కు ఇస్తారు. శేఖర్ వందనకు ఇస్తాడు. వందన కింద ఇంకెవరూ లేరు కాబట్టి ఆమె కూర్చుని రాస్తుంది.

ఆర్డరు కాగితం మీద దేశం పేరు ఉండదు, నంబరు ఉంటుంది. తొమ్మిదో క్లయింటు, పద్నాలుగో క్లయింటు, ఇరవై రెండో క్లయింటు, ముప్పై ఒకటో క్లయింటు. అన్నీ ఎవరో ఒకరి కింద నలిగి బయటపడ్డ దేశాలే. దాని కింద సూచనలుంటాయి. మూడు నిమిషాలు. గట్టిగా ఉండాలి, ఎవరికీ తగలకూడదు. ‘సార్వభౌమత్వం’ రెండుసార్లు, ‘భాగస్వామ్యం’ ఐదుసార్లు రావాలి. ఒకసారి పొద్దున పద్నాలుగో దేశం తరఫున ఒక కోరిక రాసింది వందన. మధ్యాహ్నం ఇరవై రెండో దేశం తరఫున ఆ కోరికకు అభ్యంతరం కూడా తనే రాయాల్సి వచ్చింది. సాయంత్రానికి తన వాదనకు తనే నిరుత్తరురాలై, తలనొప్పి మాత్ర వేసుకుని హాస్టల్‌కు పోయింది.

అయినా పని అంటే ఇష్టమే ఆమెకు. దేశాలన్నీ సమానం, చిన్న దేశానికీ ఒక ఓటే పెద్ద దేశానికీ ఒక ఓటే అని ఎం.ఏ. క్లాసులో సారు పాఠం చెప్పిన రోజు ఆమెకు ఒళ్లు పులకరించింది. ఆ పులకరింత ఇంకా కొంచెం మిగిలే ఉంది. అందుకే ఎవరో ముక్కూ ముఖం తెలియని మంత్రి కోసం ‘మా పూర్వీకులు మాకిచ్చిన ఈ సముద్రం’ అని రాసేటప్పుడు నిజంగానే అది తన సముద్రమే అనిపించేది. ఆమె పూర్వీకులు ఇచ్చింది మానేరు వాగు. అందులోనూ ఎండాకాలం ఇసుకే.

ఒక గురువారం మధ్యాహ్నం శేఖర్ కోరుట్లలో ఉన్నాడు. అక్కడ కొత్త బ్రాంచి తెరిచే పనులు సాగుతున్నాయి. వందన టిఫిన్ డబ్బా విప్పుకుని రెండో ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో ఆఫీసు ఫోన్‌కు వాట్సాప్ కాల్ వచ్చింది. ముందున్న అంకెలు ఏ దేశానివో అర్థం కాలేదు.

“వందన అంటే మీరేనా?” అని ఇంగ్లీషులో అడిగిందో ఆడ గొంతు. “నా ప్రసంగాల ఫైలు వివరాల్లో రాసినవారి పేరు దగ్గర మీ పేరే ఉంది. పక్కనే మీ దుకాణం పేరు కూడా ఉంది. మ్యాపులో వెతికి పట్టుకున్నాను. నా పేరు లోసా. రెండేళ్ల నుంచి మీరు రాస్తున్న మంత్రిని నేనే.”

వందనకు ముద్ద గొంతులో అడ్డం పడింది. పద్నాలుగో క్లయింటు మాట్లాడుతోంది.

ఆమె ఇంగ్లీషూ ఈమె ఇంగ్లీషూ రెండూ ఒకే ఇంటి నుంచి అరువు తెచ్చుకున్నవి కాబట్టి, తొందరగానే కలిశాయి. లోసాది పసిఫిక్ సముద్రంలో ఒక దీవుల దేశం. జనం మొత్తం కలిపినా సిరిసిల్ల టౌన్ అంత ఉండరు. బడిలో టీచరుగా పనిచేసి మంత్రి అయింది. చేపల శాఖ, విద్యాశాఖ, వాతావరణ శాఖ మూడూ ఆమెవే.

“పూర్వీకుల సముద్రం గురించి రాసింది మీరేనా?”

“నేనే మేడం.”

“చాలా బాగుంది. చదువుతుంటే మా అమ్మ ఏడ్చింది. మీరెప్పుడైనా సముద్రం చూశారా?”

“లేదు మేడం” అంది వందన, చచ్చేంత సిగ్గుతో.

అవతల పెద్దగా నవ్వు వినిపించింది. నవ్వు అయిపోయాక లోసా అసలు సంగతికి వచ్చింది. సముద్రాల్లో చేపల వేటను చూసే ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది. ఆమె దేశానికి అందులో సభ్యత్వం ఉంది. వచ్చే బుధవారం సభలో ఒక తీర్మానం పెడుతున్నారు. ఇక మీదట ఏ దేశపు సముద్రంలో ఎన్ని ఓడలు దిగాలో ఒక టెక్నికల్ కమిటీ చెబుతుంది. కమిటీలో ఏడు దేశాలు. ఏడింటికీ పెద్ద పెద్ద ఓడలున్నాయి. లోసా దేశానికి పెద్ద ఓడల్లేవు కాబట్టి కమిటీలో ఉండే అర్హత లేదు. సముద్రం మాత్రం ఉంది. ఆ ఓడలకు ఇచ్చే లైసెన్సుల డబ్బుతోనే దీవుల్లో పదకొండు బడులు నడుస్తున్నాయి. ఓడల లెక్క కమిటీ చేతికి పోతే ఆ డబ్బూ పోతుంది.

“మీకు వచ్చిన ఆర్డరులో ఏముంది?” అని అడిగింది లోసా.

వందన కాగితం చూసుకుంది. ‘తీర్మానానికి స్వాగతం. మూడు నిమిషాలు. ఒకచోట పూర్వీకులు రావాలి.’

“నేను స్వాగతించాలనుకోవడం లేదు. ఆ మాట కంపెనీకి చెప్పాను. వద్దు అని రాయడం తమ సేవల్లో లేదన్నారు. వాళ్లకు డబ్బిచ్చేది మేము కాదు. చిన్న దేశాల గొంతును బలపరిచే నిధి అని ఒకటుంది. అందులో డబ్బు వేసేది మా సముద్రంలో చేపలు పట్టే దేశమే. మా దీవిలో ఆసుపత్రి కడుతున్నదీ వాళ్లే. పైకప్పు ఇంకా పడలేదు. ముఖం మీద వద్దంటే ఆ పైకప్పు పడదు. వద్దనకుండా వద్దనే మార్గం ఏదైనా ఉందా? నా మాటలన్నీ మీరే రాశారు. ఇది కూడా మీకే తెలియాలి.”

వందన ఎం.ఏ. పుస్తకాలన్నీ మనసులో తిరగేసింది. వద్దనకుండా వద్దనడం ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు. రెండు రోజులు గడువడిగింది.

ఆ శనివారం సిరిసిల్ల పోయింది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఎనిమిది సాంచాలు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలనే అంటారు. వందన తండ్రి రాజనర్సు వాటికి ఆసామి. ఆసామి అంటే ఏమిటో తెలియనివాళ్లకు రాజనర్సే వేళ్లు మడిచి చెబుతాడు. “సాంచాలు నాయి. షెడ్డు నాది. కరెంటు బిల్లు నాది. ఖరాబైతే రిపేరు నాది. నూలు సేటుది, డిజైను సేటుది, రేటు సేటుది, బట్ట సేటుది. నేను ఓనర్ని.” ఆ చివరి మాట అనేటప్పుడు మాత్రం ఆయన నవ్వడు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినా, బ్యాంకువాళ్లు వచ్చినా ఓనరనే రాయిస్తాడు.

చాయ్ తాగుతూ అడిగింది వందన. “బాపూ, సేటుకు ఎప్పుడన్న వద్దని చెప్పినవా?”

“వద్దని ఎట్లంటం బిడ్డ? నోటితోని అన్నమాట గోడకు కొట్టిన మొల తీరు. పీకినా బొంద పోదు” అన్నాడు రాజనర్సు. “కని వద్దన్న. ఒకసారి అన్న.”

సిరిసిల్లలో ఒక పద్ధతి ఉంది. నూలు చుట్టిన బీమును సేటు ఆటోలో పంపుతాడు. బీము షెడ్డు గడప దాటిందంటే రేటుకు ఒప్పుకున్నట్టే, ఇక కాగితం అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఏడేళ్ల కింద సేటు మీటరు రేటు తగ్గించి బీములు పంపాడు. రాజనర్సు వద్దనలేదు. ఆటో డ్రైవర్‌కు చాయ్ తాగించి, బీములను గడప బయట చూరు కింద దింపించాడు. తర్వాత తన పనులేవో తాను చూసుకున్నాడు.

“ఒకరోజాయె, రెండ్రోజులాయె” అన్నాడు రాజనర్సు. “నేను ఫోన్ చెయ్య, ఆడు ఫోన్ చెయ్యడు. నాలుగోనాడు సేటే బండేసుకోని అచ్చిండు. బయట బీములు చూసిండు. ఏమనలే. కుర్చీల కూసున్నడు. వానల ముచ్చట చెప్పిండు, నీ సదువు ముచ్చట అడిగిండు. పోయేటప్పుడు చెప్పులు తొడుక్కుంట ‘సరే రాజనర్సన్నా, పాతరేటే’ అన్నడు. గంతే. నేను వద్దన్లే, ఆడు తగ్గిచ్చిన అన్లే. ఇద్దరి ఇజ్జత్ మిగిలింది.”

“నీ బాపు ఇజ్జతేమో గని, ఆ మూడు దినాలు ముద్ద మింగలేదు, నిద్రపోలేదు” అంది తల్లి నీల లోపలి నుంచి. “బాత్రూంల నీళ్లు సప్పుడైనా సేటు బండేనని లేచి ఉరికిండు.”

వందన నవ్వింది గానీ ఆమె బుర్రలో దీపం వెలిగింది. ఆదివారం పొద్దున్నే లోసాకు ఫోన్ చేసి, సేటు కథంతా ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. “మీరు వద్దనకండి మేడం. స్వాగతం అని కూడా అనకండి. మీ పేరు పిలిచినప్పుడు కాగితం బోర్లించి, తల దించుకుని కూర్చోండి. వాళ్లే ఆగుతారు. వాళ్లే అడుగుతారు. అడిగితే అప్పుడు బేరం మొదలవుతుంది.”

కథ అయ్యేసరికి అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

“మా దీవిలోనూ అంతే” అంది లోసా. “ఊరి సభలో పెద్దమనిషికి ఇష్టం లేకపోతే చాప మీద కూర్చుని నేల చూస్తాడు. ఆయన తలెత్తి మాట్లాడేదాకా ఎవరూ లేవరు. మా తాత ఒకసారి రెండు రోజులు నేల చూశాడు. రెండు రోజులూ ఊరంతా కూర్చుంది. ఇది నాకెందుకు తోచలేదు? ఆ హాల్లోకి అడుగు పెడితే మా ఊరి బుద్ధి బయటే ఉండిపోతుంది.”

వందనకు గాల్లో తేలినట్టయింది. భూమికి ఆ చివరా ఈ చివరా ఉన్న రెండు ఊళ్లకు ఒకే మర్యాద. తన చదువు మొదటిసారి పనికొచ్చింది. ఆ సంతోషంలో శేఖర్‌కు మామూలు ప్రసంగమే రాసి పంపింది. మూడు నిమిషాలు, ఐదు భాగస్వామ్యాలు, ఒక పూర్వీకులు. చదవబోని ప్రసంగానికి అంత మంచి భాష ఎందుకని ఒక్కసారి అనుకుంది గానీ, అలవాటు కొద్దీ బాగానే రాసింది.

బుధవారం కోరుట్లలో బ్రాంచి ప్రారంభం. మామిడాకులు కట్టారు, కొత్త కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టారు. కొత్తగా చేరిన మాధవి అనే అమ్మాయి కుంకుమ కీబోర్డు సందుల్లో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. శేఖర్ తల్లి సత్యవ్వ కొబ్బరికాయ కొట్టింది. కాయ సమానంగా పగిలిందని అందరూ సంబరపడ్డారు. మన టైము ఒకటిన్నరకు ఐరోపాలో సభ మొదలవుతుంది. ‘మనం రాసిన ప్రసంగాన్ని మంత్రి చదువుతుంటే మొదటి బోణీగా చూద్దాం’ అని వందనే శేఖర్‌ను ఒప్పించింది. అసలు సంగతి చెప్పలేదు.

తెర మీద పెద్ద హాలు కనిపించింది. గుండ్రంగా బల్లలు, ప్రతి బల్ల మీద ఒకే సైజు పేరు పలక, ఒకే సైజు నీళ్ల సీసా. సమానత్వం సీసాల దాకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పెద్ద దేశాల ప్రతినిధుల వెనక పదేసిమంది సహాయకులున్నారు. ఒక మూలన చెవి పక్క తెల్లపువ్వు పెట్టుకుని ఒక ఆమె ఒంటరిగా కూర్చుంది. వందన లోసాను చూడటం అదే మొదటిసారి.

“గామె ఎవలు? మంచిగున్నది” అంది సత్యవ్వ.

“మన క్లయింటే అమ్మా. మస్తు మాట్లాడ్తది, సూడు” అన్నాడు శేఖర్.

అధ్యక్షుడు లోసా దేశం పేరు పిలిచాడు. ఆమె ముందున్న మైకు మీద ఎర్రదీపం వెలిగింది. లోసా కాగితం చేతిలోకి తీసుకుంది. నిదానంగా బల్ల మీద బోర్లించింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల దించుకుంది.

వందన లెక్కపెట్టింది. ఐదు సెకన్లు. పది సెకన్లు.

“నెట్ ఆగిందా ఏంది?” అంటూ శేఖర్ రౌటరు తట్టాడు. రౌటరు బాగానే ఉంది. తెర మీద ఎవరో దగ్గారు కూడా.

“నెట్ కాదురా” అంది సత్యవ్వ తెరకు దగ్గరగా జరిగి. “గామె అలిగింది.”

అధ్యక్షుడు గుమస్తా వైపు చూశాడు. గుమస్తా వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. అధ్యక్షుడు చిరునవ్వు నవ్వి, సభ్యదేశం తన సమయాన్ని ఉదారంగా సభకు వదిలిపెట్టినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగి, అరక్షణం ఆగాడు. “అభ్యంతరాలేవీ వినిపించలేదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది” అంటూ చెక్కసుత్తితో బల్ల మీద కొట్టాడు. చప్పట్లు మోగాయి. లోసా ఇంకా నేల చూస్తూనే ఉంది. ఆమె తలెత్తేసరికి సగం హాలు కాఫీకి లేచిపోయింది.

“గదేందిరా?” అంది సత్యవ్వ. “మనిషి అలిగి కూసుంటె ఏమైంది బిడ్డా అని అడిగెటోడే లేడా గంతమందిల?”

వందన ఏదో వంక చెప్పి బయటికొచ్చింది. ఫోన్‌లో ఆ సంస్థ నిబంధనల పుస్తకం తెరిచింది. రెండేళ్లుగా ఆ ఫైలు ఆమె దగ్గరే ఉంది. అందులోని పెద్ద మాటలన్నీ ప్రసంగాల్లోకి ఎత్తి రాసింది గానీ, వెనక పేజీలు చదవలేదు. నలభై ఒకటో పేజీలో ఉంది. ‘అభ్యంతరాన్ని నోటితో తెలపని సభ్యదేశం తీర్మానాన్ని ఆమోదించినట్టే పరిగణించబడుతుంది.’ మౌనం అర్ధాంగీకారమని మనవాళ్లు అన్నారు. మిగతా సగం కూడా ఈ సంస్థ కలిపేసుకుంది. పదకొండు బడులు అరక్షణంలో పోయాయి. పోగొట్టింది వేరెవరో కాదు, తనే.

హాస్టల్‌కు పోబుద్ధి కాక సిరిసిల్ల బస్సెక్కింది. బస్సు చందుర్తి దాటుతుండగా లోసా ఫోన్ చేసింది. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని, రెండూ ఒకేసారి అనుకుంది వందన.

“క్షమించండి మేడం. నాకు ఆ నిబంధన తెలియదు. చదివి ఉండాల్సింది.”

“పుస్తకం నా దగ్గరా ఉంది. నేనూ చదవలేదు. మాట్లాడతానని చెప్పడానికి పేరు పలక ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో కంపెనీ మనిషి పక్కన కూర్చుని చెప్పేవాడు. ఈసారి అతన్ని రావద్దన్నది నేనే” అంది లోసా. “చాలామంది వచ్చి చెయ్యి కలిపి పోయారు. చాలా హుందాగా ఒప్పుకున్నానట.” తర్వాత మెల్లగా అడిగింది. “ఒక్క మాట చెప్పండి. మీ నాన్న దగ్గరికి ఆ సేటు ఎందుకొచ్చాడు? వీళ్లెవరూ నా దగ్గరికి ఎందుకు రాలేదు?”

“నాన్ననే అడిగి చెబుతాను మేడం” అంది వందన. ఇంటికి పోయి, చెప్పులైనా విప్పకుండా, సాంచాల చప్పుడులో తండ్రి చెవి దగ్గర గట్టిగా అదే అడిగింది. రాజనర్సు సాంచా ఆపాడు. జరిగిందంతా విన్నాక, తెగిన నూలుపోగు ముడేస్తూ చెప్పాడు.

“గా ఏడాది దసరా ఆర్డర్ ఆని నెత్తిమీదున్నది బిడ్డ. సిరిసిల్ల మొత్తంల ఒక్క సాంచా ఖాళీ లేకుండె. నేను నెయ్యకుంటె ఆనికి గతి లేదు. గందుకే అచ్చిండు.”

“గా ముచ్చట గప్పుడెందుకు చెప్పలె బాపూ?”

“ఎట్ల వద్దన్నవని అడిగినవు, చెప్పిన. ఆడెందుకచ్చిండని నువ్వడగలె.” రాజనర్సు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “తర్వాత ఇంకో రెండుసార్లు బయట దింపిచ్చిన. ఎవ్వడు రాలె. తెల్లారి అదే ఆటో అచ్చి, బీములెత్తుకోని పక్క గల్లీకి పోయింది. సాంచాలు నెలదినాలు ఖాళీ. గప్పటిసంది లోపలికే దింపిచ్చుకుంటున్న. గెలిచిన ముచ్చటే చెప్పుకుంటరు బిడ్డ ఎవలైనా.”

వందనకు తండ్రి మీద కోపం రాలేదు. ఓనర్నని ఆయన ఎందుకు నవ్వకుండా చెబుతాడో ఇప్పుడర్థమైంది. లోసాకు ఒక మెసేజ్ పెట్టింది. ‘నాన్నతో సేటుకు అవసరం ఉండింది. మీ సముద్రంతో వాళ్లకు అవసరం ఉంది, మీతో లేదు.’ లోసా చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి.

శుక్రవారం ఆర్డరొచ్చింది. పద్నాలుగో క్లయింటు. ధన్యవాద ప్రకటన, ఒక పేజీ. ‘ఏకగ్రీవానికి తోడ్పడినందుకు గర్వం వ్యక్తం కావాలి.’

వందన రెండు వాక్యాలు రాసింది. ‘మేము మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని ఒప్పుకోవడంగా రాసుకోవద్దని కోరుతున్నాం.’ పంపింది. గంటలో ఎర్రగీతలతో తిరిగొచ్చింది. స్వరం బాగాలేదు, మళ్లీ రాయాలి అని హైదరాబాద్ మాట. వెనకాలే శేఖర్ వచ్చాడు. పాపం, అరిచే మనిషి కాదు. “వందనా, రెండు దినాలాయె కోరుట్ల షట్టర్ ఎత్తి. ముగ్గురు ఆడపిల్లలను పెట్టుకున్న. గీ క్లయింటు పోతే అందరం ఇంటికే. నీకు చెప్పేంతటోన్ని కాను. జర సూడమ్మా” అన్నాడు.

ఆమె లోసాకు ఫోన్ చేసింది. “నేను రాయనంటాను మేడం. మీరేం చెబితే అదే చేస్తాను.”

“మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు. వాళ్లకు నా బడుల సంగతి తెలియదు” అంది లోసా. ఆమె అప్పటికే విమానాశ్రయంలో ఉంది, వెనక ఏదో విమానం పేరు పిలుస్తున్నారు. “ఆసుపత్రి పైకప్పు ఈ నెల వేస్తామన్నారు. అదైనా పడనివ్వండి. మీరే రాయండి. ఎలాగూ నా పేరు మీదే పోతుంది కదా, బాగా రాయండి.”

వందన బాగా రాసింది. అంత బాగా ఆమె ఎప్పుడూ రాయలేదు. ‘మా దీవుల్లో మాట కంటే మౌనం గొప్పది. మా తాతలు తలవంచి నేల చూసినప్పుడు ఊరంతా వారితో కూర్చునేది. ఆ మౌనంతోనే, మా పూర్వీకుల సాక్షిగా, ఈ నిర్ణయాన్ని స్వాగతించాం.’ పంపాక తెర వైపు చూడలేకపోయింది. లోసా నమ్మి చెప్పిన తాతను తీసుకెళ్లి ఆ సంస్థ గుమ్మానికి తోరణం కట్టింది తను. బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి ఏడ్చింది.

ఐరోపా నుంచి మెచ్చుకోలు వచ్చింది. రెండేళ్లలో అదే మొదటిది. ఇంత అచ్చమైన స్థానిక గొంతు ఈ మధ్య వినలేదన్నారు. ఆ మూడు వాక్యాలను సంస్థ తన వార్షిక నివేదిక అట్ట మీద అచ్చేసింది, పైన తల దించుకున్న లోసా ఫొటోతో. శేఖర్ దాన్ని ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, గోడకు తగిలించాడు.

నెల తిరగకుండా ఇరవై రెండో క్లయింటు ఆర్డరు వచ్చింది. వాళ్ల సముద్రం వంతు వచ్చిందట. పద్నాలుగో దేశం మౌనంగా స్వాగతించిన తీరు అందరికీ నచ్చిందట, తామూ అలాగే చేయదలచారట. ప్రసంగం అక్కర్లేదు, ఆ తర్వాత ఇచ్చే ప్రకటన ఒక్కటి చాలు. కింద ఒక సూచన ఉంది, ‘పద్నాలుగు మాదిరిగా’ అని.

వందన కుర్చీలోంచి లేచింది. ఈసారి కాగితం బోర్లించలేదు, తల దించుకోలేదు. నిబంధన ప్రకారం నోటితోనే, గల్ఫ్ అర్జీల కోసం వచ్చి కూర్చున్నవాళ్లకు కూడా వినపడేలా చెప్పింది.

“నేను రాయ శేఖరన్నా.”

శేఖర్ ఆమె ముఖంలోకి చూశాడు. బతిమాలలేదు, కోప్పడలేదు. “సరే తీ అమ్మా, నీకు ఇష్టం లేకుంటె వద్దు” అని, ఆ ఆర్డరును ఫోన్‌లోనే కోరుట్ల బ్రాంచికి పంపించాడు. అక్కడ మాధవి తీసుకుంది. ఆమెకు పని కొత్తే గానీ పాత ఫైలు చేతిలో ఉంది. టీ చల్లారేలోపు పూర్తి చేసి పంపింది. హైదరాబాద్ వాళ్లు ఒక్క ఎర్రగీత కూడా పెట్టలేదట. తాతలు, నేల, మౌనం, అన్నీ వందన రాసినవి రాసినట్టే ఉన్నాయి. దేశం నంబరు ఒక్కటి మారింది.